మీకు తెలుసా? రాతినార గనిలో గోమేధికాలు

● కెనడాలోని క్యుబెక్ ప్రావిన్స్‌లో ఉన్న జెఫ్రీ గని ఒకప్పుడు ప్రపంచంలోని అతిపెద్ద ఆస్‌బెస్టాస్ గనుల్లో ఒకటి. 1879లో మొదలైన ఈ గని 2012 నుంచి మూతబడి ఉంది. మిగిలిన గొయ్యి వెడల్పు సుమారు 2 కిలోమీటర్లు, లోతు దాదాపు 350 మీటర్లు.

● ఇక్కడి శిలలు ఒకనాటి సముద్రపు అడుగువి. సుమారు 48 కోట్ల ఏళ్ల క్రితం నాటి ఆ అడుగు, దాని కిందనున్న మాంటిల్ శిలతో సహా భూఫలకాల ఒత్తిడికి ఖండం మీదికెక్కింది. మాంటిల్ శిలలోకి నీరు చొరబడి దాన్ని సర్పెంటినైట్‌గా మార్చింది. ఆ రాతి పగుళ్లలో ఏర్పడ్డ నారే క్రిసోటైల్, అంటే తెల్ల ఆస్‌బెస్టాస్.

● అదే మార్పులో వెలువడిన కాల్షియం, పక్కనున్న రాళ్లలోకి చేరి రోడింగైట్ అనే శిలను తయారుచేసింది. అందులోనే నారింజ వన్నె హెసొనైట్ గార్నెట్లు దొరికాయి. నవరత్నాల్లో మనం గోమేధికం అనేది దీన్నే! ఊదా, ఆకుపచ్చ వెసువియనైట్ స్ఫటికాలకూ ఈ గని ప్రసిద్ధి.

● జెఫ్రీయైట్, స్పెర్టినియైట్ అనే ఖనిజాలను మొదట గుర్తించింది ఇక్కడే.

● కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ క్రిసోటైల్ ఉంది. అయితే అది మాంటిల్ శిలలో కాదు, డోలరైట్ చొచ్చుకొచ్చిన డోలమైట్‌లో ఏర్పడింది.

● గని పక్కనున్న ‘ఆస్‌బెస్టాస్’ పట్టణం 2020లో ‘వాల్-దె-సూర్స్’గా పేరు మార్చుకుంది.