గంప అడుగున పండుకు నెయిల్ పాలిష్ వాసన ఎందుకు?

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే సిటీబస్సులో కునుకు తీస్తున్నా ఏ స్టాపు వచ్చిందో ముక్కే చెప్పేది. తీపి, పులుపు, మధ్యలో నెయిల్ పాలిష్ మూత తీసినట్టు ఓ ఘాటు. ఇప్పుడు మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది; ఆ స్థలంలో టిమ్స్ ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. వాసన మాత్రం మామిడిపండు ఎక్కడ చితికితే అక్కడ ఉంటుంది.

పండు చితికితే తొక్క మీది ఈస్ట్‌కు చక్కెర అందుతుంది. దాన్ని ఆల్కహాల్ చేస్తుంది. వెనకే అసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా వచ్చి, గాలిలోని ఆక్సిజన్‌తో ఆ ఆల్కహాల్‌ను అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. వెనిగర్ పులుపు అదే, హైదరాబాదీ మాటలో సిర్కా. నిన్నటి కల్లు ఇవాళ ముక్కు చిట్లించేంత పుల్లబడడంలోనూ దీని చెయ్యుంది. గాలి ఆడకపోతే దీని పని సాగదు. అందుకే సిర్కా పెట్టేవాళ్లు జాడీకి మూత బిగించరు, గుడ్డ కడతారు.

మరి నెయిల్ పాలిష్? అది ఇథైల్ అసిటేట్. ఆమ్లం, ఆల్కహాల్ ఒక నీటి అణువును వదిలేసి జతకడితే వచ్చే ఎస్టర్. పులిసే పండులో ఈస్టే దీన్ని తయారుచేస్తుంది. నెయిల్ పాలిష్‌లో ద్రావకంగా వాడేదీ ఇదే. అరటిపండు వాసన దీని దాయాది, ఐసోఅమైల్ అసిటేట్.

దిల్‌సుఖ్‌నగర్ నూడుల్స్ బండి మీద, మూతకు మేకుతో చిల్లు పొడిచిన సీసాలో ఉండేదీ ఈ సిర్కాయేనా? అణువు అదే, పుట్టుక వేరు. చాలావరకు ఫ్యాక్టరీలో మిథనాల్, కార్బన్ మోనాక్సైడ్ కలిపి తీసిన ఆమ్లానికి నీళ్లు చేర్చిందే. అలాంటిదానికి లేబుల్ మీద ‘సింథటిక్’ అని రాయాలి, ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలి. పులియబెట్టినదానికి ఎస్టర్ల పరిమళం తోడుంటుంది, దీనికి ఉత్త పులుపే. పచ్చిమిర్చి నానేసిన బండి సీసాలో ఆ తేడా పట్టడం మాత్రం నా నాలుకకు చేతకాలేదు.

నీళ్లు కలపని ఆమ్లం 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది. జనవరి పొద్దున కాలేజీ ల్యాబులో సీసా వంచితే చుక్క రాలదు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెట్టాలి. ఆ ఆమ్లాన్ని ‘గ్లేసియల్’, అంటే మంచులాంటిది, అనేది అందుకే.

ఇంకో ముచ్చట. నిషేధం ఉన్నా కాయలు మాగబెట్టడానికి గంపలో దోపే కార్బైడ్ పొట్లం తడి తగిలితే ఎసిటిలీన్ వదులుతుంది. కాయ దాన్ని తన సొంత ఇథిలీన్ అనుకుని రంగు తిరుగుతుంది. ఒకప్పుడు ఫ్యాక్టరీలు అసిటిక్ ఆమ్లం చేసింది ఈ ఎసిటిలీన్ నుంచే. శుద్ధమైన ఎసిటిలీన్‌కు వాసన లేదు. కార్బైడ్‌తో పాటు వచ్చే ఫాస్ఫరస్, ఆర్సెనిక్ మలినాల వాయువులకే వెల్లుల్లి కంపు. మామిడి గంప దగ్గర ఆ కంపు తగిలితే బేరం ఆడొద్దు.