గృధ్రసి: డిస్కు నొప్పికి వ్యాయామ చికిత్స

గృధ్రము అనగా రాబందు. నడుములో గాని పిరుదులో గాని మొదలై తొడ వెనుక భాగం, మోకాలు, పిక్కల మీదుగా పాదం వరకు దిగే నొప్పికి మన ప్రాచీనులు గృధ్రసి అని పేరు పెట్టారు. రోగి నడక రాబందు నడకవలె వంకరగా, ఒక ప్రక్కకు ఒరిగి ఉండటమే ఈ పేరుకు కారణమని పెద్దలు చెబుతారు. చరకసంహిత చికిత్సాస్థానం 28వ అధ్యాయంలో ఈ నొప్పి దిగే త్రోవ వరుసగా వర్ణించబడింది. సుశ్రుతుడు నిదానస్థానం మొదటి అధ్యాయంలో మరొక విశేషం కూడా చెప్పాడు. ఈ వ్యాధిలో కాలిని పైకి ఎత్తే శక్తి అడ్డగింపబడుతుందట. నేటి వైద్యుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలిని ఎత్తి చూసేది ఈ లక్షణం కొరకే. ఐరోపాలో ఈ పరీక్షను ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ శిష్యుడైన ఫోర్స్ట్ 1881లో ప్రచురించాడు.

గోదావరి పాయల నడుమనున్న మా కోనసీమలో ఈ వ్యాధికి కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. సార్వా ఊడ్పులలో స్త్రీలు ప్రొద్దస్తమానం నడుము వంచే ఉంటారు. అంబాజీపేట చుట్టుప్రక్కల కొబ్బరి ఒలుపు చేసే కార్మికుడు రాశిలో కాయ అందుకోవడానికి వంగుతాడు. నేలలో పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి, నడుము మెలిత్రిప్పి పీచు విడదీస్తాడు. మరల వంగుతాడు. వంగుట, మెలితిరుగుట, బరువు, ఈ మూడూ ఒకచోట కలసినప్పుడే నడుముకు అధికమైన చేటు. స్వీడన్ వైద్యుడు నాకెమ్‌సన్ డిస్కులోకి సూది పంపి ఒత్తిడిని కొలిచాడు. నిలబడినప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు 25, ముందుకు వంగి బరువు పట్టుకున్నప్పుడు 220 అని ఆయన లెక్క.

ఇక వేకువనే లేచి ఈనెల చీపురుతో వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసే గృహిణి సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రాత్రి పడుకున్నంతసేపు డిస్కు నీటిని పీల్చుకొని ఉబ్బి ఉంటుంది. అందుచేత లేచిన తొలి గంటలో వంగితే దానిపై ఒత్తిడి మరింత ఎక్కువ. అమెరికాలో స్నూక్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఉదయం వేళ వంగడాన్ని మానిపించగా దీర్ఘకాలపు నడుము నొప్పి తగ్గినట్లు తేలింది. చీపురుకు పొడవాటి కర్ర కట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? నడుము నొప్పితో వచ్చిన గృహిణులకు నేను మొదట వ్రాసే మందు అదే.

డిస్కు అంటే ఏమిటో కొబ్బరికాయతో పోల్చి చెబితే మా ప్రాంతం వారికి సులభంగా బోధపడుతుంది. రెండేసి వెన్నుపూసల మధ్య ఒక్కొక్క మెత్తని చక్రిక ఉంటుంది. దాని వెలుపలి భాగం పీచువలె పొరలు పొరలుగా అల్లుకొన్న గట్టి వలయం. లోపలిది లేత బొండంలోని మీగడవంటి పదార్థం. ఏళ్ళ తరబడి శ్రమ వలన, వయస్సు వలన, కొందరిలో వంశ లక్షణం వలన, చుట్ట, సిగరెట్ల వలన పీచు బలహీనపడి చిట్లుతుంది. ఆ పగులులో నుంచి మీగడ వెనుకకు పొడుచుకొని వచ్చి, ప్రక్కనే వెళ్ళే నరం మొదలును ఒత్తుతుంది. ఒత్తటమే కాక అక్కడ వాపును కూడా పుట్టిస్తుంది. నడుములోని చివరి రెండు డిస్కులకే ఈ బాధ ఎక్కువ. కాలి నొప్పికి డిస్కే కారణమని వైద్యలోకాన్ని ఒప్పించినవారు బోస్టన్ శస్త్రవైద్యులు మిక్స్‌టర్, బార్. వారి వ్యాసం 1934లో వెలువడింది.

‘డిస్కు జారింది’ అనే మాట మన వాడుకలో స్థిరపడిపోయింది గాని, నిజానికి డిస్కు జారదు. పైపూసకూ క్రిందిపూసకూ అది గట్టిగా అతుక్కొని ఉంటుంది. మాటే కదా అని ఊరుకోవడానికి వీలులేదు. జారింది అన్నాక, ఎవరో ఒకరు దానిని నెట్టి సరిచేయాలని రోగికి తోస్తుంది. బోర్లా పడుకొని పిల్లల చేత నడుము తొక్కించుకోవడం, ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తన్నించుకోవడం, మెలి త్రిప్పి టక్కుమనిపించుకోవడం, ఇవన్నీ ఆ భావన నుంచి బలం పుంజుకున్నవే. మామూలు కండరాల పట్టుకు ఇవి చేసే హాని స్వల్పం కావచ్చు. నరం ఒత్తుకొని ఉన్న నడుముకు మాత్రం ఇవి ప్రమాదకరం. నేను ఆయుర్వేదమే చదివి ఆయుర్వేదమే చేస్తున్నవాడిని. అయినా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఏ తైలమూ, ఏ మర్దనమూ డిస్కును లోపలికి నెట్టదు.

అలా నెట్టవలసిన అవసరం కూడా చాలామందికి లేదు. బయటకు వచ్చిన ముక్కను శరీరమే క్రమంగా హరించుకుంటుంది. నెదర్లాండ్స్‌లో 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన కాలి నొప్పితో ఉన్న 283 మందిపై జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. కొందరికి వెంటనే శస్త్రచికిత్స చేశారు. మిగిలినవారికి మందులు, వ్యాయామంతో వేచి చూశారు. శస్త్రచికిత్స పొందినవారికి నొప్పి త్వరగా తగ్గిన మాట నిజం. వేచి చూసినవారిలో 39 శాతం మంది ఏడాదిలోగా శస్త్రచికిత్సకు వెళ్ళిన మాట కూడా నిజమే. అయితే సంవత్సరాంతానికి రెండు వర్గాలలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. స్కానింగు కాగితంలో ‘డిస్కు బల్జి’ అని చూసి బెంగపెట్టుకొనేవారికి మరొక సంగతి. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవారిలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ళవారిలో 84 మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందని అనేక పరిశోధనలను కలిపి చూసి 2015లో లెక్కకట్టారు. వైద్యం చేయవలసింది మనిషికి గాని కాగితానికి కాదు.

అట్లని నెలల తరబడి మంచం పట్టడం కూడా తగదు. నెదర్లాండ్స్‌లోనే 183 మందిపై జరిగి 1999లో ప్రచురింపబడిన మరొక పరిశోధనలో, రెండు వారాలు పూర్తిగా పడుకున్నవారికీ, ఓపిక మేరకు తిరుగుతూ ఉన్నవారికీ ఫలితంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పండ్రెండు వారాలకు ఇరువర్గాలలోనూ 87 శాతం మందికి నయంగా ఉంది. పడుకున్నవారు అదనంగా పొందిన లాభమేమీ లేదు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి భరించరానప్పుడు పడుకోవచ్చు. ఆపైన కండరాలు క్షీణించి, లేచాక నడుము మరింత నిస్సహాయమవుతుంది.

వ్యాయామానికి ముందు ఈ క్రింది హెచ్చరికలను తప్పక చదవగోరుతాను. మూత్రం బిగబట్టడం, లేక తెలియకుండా పోవడం, మలంపై అదుపు తప్పడం, పీట మీద కూర్చున్నప్పుడు పీటకు ఆనే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ఇంటి వైద్యపు హద్దు దాటినట్లే. తోకవలె క్రిందికి దిగే నరాల గుత్తి నలుగుతున్నదని అర్థం. ఇక్కడ లెక్క రోజులలో కాదు, గంటలలో. వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే మూత్రాశయం శాశ్వతంగా అదుపు తప్పవచ్చు. లంకలలో ఉండేవారు తెల్లవారనీ, వరద తగ్గనీ అని ఆగరాదు. పడవో పంటో దొరికిన మరుక్షణమే గట్టు చేరి, 108కి ఫోను చేసి, వెన్ను శస్త్రచికిత్స జరిగే పెద్ద ఆసుపత్రికి చేరాలి. పాదం పైకి లేవక నేలకు రాచుకుంటున్నా ఆలస్యం చేయరాదు. ఇంట్లోనే చూసుకోవచ్చు. మడమల మీద నాలుగు అడుగులు, మునివేళ్ళ మీద నాలుగు అడుగులు వేయండి. ఒక కాలు మొరాయిస్తే వైద్యునికి చూపించండి. జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పూర్వం క్యాన్సరు వచ్చి ఉండటం కూడా అట్టివే. దింపుకు ఎక్కి చెట్టు మీద నుంచి పడినవానిని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకుండా బల్ల మీదకు నిటారుగా చేర్చి తీసుకువెళ్ళాలి.

వ్యాయామంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు పైకి ఎక్కుతూ ఉంటే మేలు. నడుము నుంచి క్రిందికి దిగుతూ ఉంటే కీడు. ఈ సూత్రానికి పునాది వేసినవాడు న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ. 1956లో కాలి నొప్పితో వచ్చిన ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకొని, నడుము వెనుకకు వంగిన స్థితిలో కొంతసేపు ఉండిపోయాడు. ఆయన కంగారుపడి వెళ్ళి చూసేసరికి, అన్ని వారాలుగా విడవని కాలి నొప్పి తగ్గిందని రోగి చెప్పాడట.

ఈ సూత్రం తెలియక మధ్యలో మానేసేవారే ఎక్కువ. నెలన్నర రోజులు మంచాన ఉండి నా వద్దకు వచ్చిన ఒక ఒలుపు కార్మికుని చేత ఈ వ్యాయామాలు మొదలుపెట్టించాను. ఐదవనాడు ఆయన భార్య ఆదుర్దాగా వచ్చింది. “డాక్టరుగారండీ, పిక్క నొప్పి పోయిందండి గాని నడుం మరీ పట్టేసిందండి. ఆపేయమంటారా?” అని అడిగింది. అదే మనకు కావలసినదని చెప్పి పంపాను. మూడవ వారానికి అతడు కాలువగట్టు మీద అరగంట నడిచాడు.

మొదటి మెట్టు బోర్లా పడుకోవడం. క్రుంగిన నులకమంచం పనికిరాదు. నేలపై బొంత పరచుకొని, తల ప్రక్కకు పెట్టి, రెండు మూడు నిమిషాలు ఊరకే పడుకోవాలి. నొప్పి క్రిందికి దిగకపోతే మోచేతులపై ఆని ఛాతీ ఎత్తి మరో రెండు నిమిషాలు. ఇది ఒకటి రెండు రోజులు సుఖంగా సాగితే, అరచేతులు ఆనించి, నడుము సడలించి, మొండెం పైభాగాన్ని నెమ్మదిగా లేపి దించాలి. చూడటానికి భుజంగాసనంవలె ఉంటుంది గాని, ఇక్కడ బలమంతా చేతులదే, నడుముది కాదు. పదిసార్లు చొప్పున రోజుకు ఐదారు విడతలు. పిక్కలోకో పాదంలోకో నొప్పి దిగినా, తిమ్మిరి పెరిగినా ఆపివేయాలి. అరవై దాటి, నడిస్తే కాళ్ళు లాగి, కూర్చొని ముందుకు వంగితే సుఖపడేవారిలో వెన్ను నాళం ఇరుకై ఉండవచ్చు. వారికి ఇది తగదు. వారు ఫిజియోథెరపిస్టును సంప్రదించి ముందుకు వంగే వ్యాయామాలు నేర్చుకోవాలి.

దీనితోపాటు నడక. మొదట ఐదు నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు, తరువాత వారం వారం పెంచుతూ పోవాలి. అరగంటకు మించి ఒకేచోట కూర్చోరాదు. భోజనం నేలపై కాక ఎత్తైన పీటపై చేయాలి.

కాలి నొప్పి సగానికి తగ్గాక, అనగా చాలామందికి మూడు వారాల ప్రాంతంలో, నడుముకు బలం చేకూర్చే వ్యాయామాలు ఆరంభించాలి. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి పిరుదులు ఎత్తే సేతుబంధాసనం, చేతులు మోకాళ్ళపై నిలిచి ఒక చేతినీ ఎదుటి కాలినీ నేలకు సమాంతరంగా చాచి ఐదారు లెక్కలు నిలపడం, ఈ రెండూ చాలు. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం, హలాసనం మంచి ఆసనాలే. అయితే ఈ వ్యాధి ఉధృతంగా ఉన్న నెలల్లో అవి డిస్కును వెనుకకు నెట్టే ఆసనాలు. పత్రికలో బొమ్మ చూసి చేయవద్దు.

మరి ఆయుర్వేదం స్థానం ఏమిటి? అభ్యంగం, స్వేదం బిగిసిన కండరాలను సడలించి, కదలడానికి శరీరాన్ని సిద్ధం చేస్తాయి. కనుక వ్యాయామానికి అరగంట ముందు గోరువెచ్చని నువ్వుల నూనెగాని మహానారాయణ తైలంగాని పైపైన, ఒత్తిడి లేకుండా వ్రాసి, వావిలాకు వేసి కాచిన నీటిలో గుడ్డ తడిపి పదిహేను నిమిషాలు కాపడం పెట్టండి. కాలిలో స్పర్శ తగ్గినవారు వేడి ఇటుక, ఇసుక మూట అసలు వాడరాదు. చర్మం కాలినా వారికి తెలియదు. మలబద్ధం ఉంటే ముక్కినప్పుడల్లా నొప్పి పెరుగుతుంది. రాత్రి వేడి పాలలో చెంచాడు ఆముదం రెండు మూడు రోజులు చాలు. గర్భిణులకు ఇది నిషిద్ధం. గుగ్గులు కలిసిన మందులను, ముఖ్యంగా రక్తం పలుచబడటానికి మాత్రలు వాడేవారు, వైద్యుని అడగక కొని మింగరాదు.

ఆరు వారాల తరువాత పనిలోకి పోదలచినవారు బరువు ఎత్తే విధానం మరల నేర్చుకోవాలి. బుట్టను ఒంటికి ఆనించుకొని, నడుము కాక తుంటి, మోకాళ్ళు వంచి లేవాలి. ప్రక్కకు తిరగవలసి వస్తే పాదాలు కదిపి తిరగాలి. ఒలుపు పనివారు ఇనుప మొనను మరికొంత ఎత్తుగా పాతించుకొని, కాయల రాశిని నేలపై కాక బల్లపై పోయించుకుంటే వంగుడు సగం తగ్గుతుంది. మొదటి వారం పూట పని, రెండవ వారం గంటకోసారి లేచి నడుస్తూ రోజు పని. కాలి నొప్పి తిరిగి పిక్క దాటి దిగినట్లనిపిస్తే ఆ రోజుకు మొన వదలి, బొంత పరచుకొని మొదటి మెట్టు నుంచి మరల మొదలుపెట్టాలి.