దీవిలో బోల్టు విలువ

విశాఖపట్నంలో ఒక బోల్టు విరిగితే దుకాణానికి మనిషిని పంపుతాము. సాయంత్రంలోగా పని సాగిపోతుంది. అండమాన్‌లో ఈ ధీమా చెల్లదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖ నుండి సముద్రమార్గం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడకు దాదాపు మూడు రోజుల ప్రయాణం. ఉత్తరాంధ్ర నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దూరం అనుభవైకవేద్యమే. 1999లో మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించి ఇచ్చిన ‘స్వరాజ్ ద్వీప్’ ఓడను వారిలో ఎరుగనివారు అరుదు.

దీవుల నడుమ తిరిగే ఓడల మరమ్మతుకు అక్కడ ఫీనిక్స్ బేలో మెరైన్ డాక్‌యార్డు ఉన్నది. నాన్‌కౌరీకో, క్యాంప్‌బెల్ బేకో వెళ్లవలసిన ఓడ నిలిచిపోతే బియ్యం ఆగుతుంది, రోగి ప్రయాణం ఆగుతుంది. అట్టి సమయంలో లేతు మిషను వద్ద నిలబడిన టర్నరు పనితనం మీద ఎందరి రాకపోకలో ఆధారపడి ఉంటాయి.

ప్రొపెల్లర్ షాఫ్టు కప్లింగుకు వాడే బోల్టునే తీసుకుందాము. మామూలు బోల్టు రంధ్రంలో కొంత వదులుగానే ఉండి, బిగింపు బలంతో రెండు పలకలను అదిమిపట్టి ఉంచుతుంది. కప్లింగు బోల్టు అట్లు కాదు. రెండు ఫ్లాంజిలను జతపరచి, రీమరుతో రంధ్రాలను ఒక్కటిగా సవరించిన పిమ్మట, ఒక్కొక్క రంధ్రం కొలతకు ఒక్కొక్క బోల్టును విడిగా తయారుచేయాలి. మూడవ రంధ్రపు బోల్టు నాల్గవ దానికి పట్టదు. అందుకే తలపై అంకె పొడుస్తారు. ఇక్కడ లెక్క మైక్రానులలో ఉంటుంది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. 50 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ పది డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు ఆరు మైక్రాన్లు పెరుగుతుంది. లేతు మీద నుండి దించిన వేడి బోల్టును వెంటనే కొలిచి సరిపోయినదని సంతోషిస్తే, చల్లారిన తరువాత అది వదులైపోతుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నారు మన పెద్దలు.

కొనుగోలు పత్రంలో ‘బోల్టులు - 8’ అని వ్రాసి ఊరుకునే అలవాటు మాకు ఏనాడూ నచ్చలేదు. ఏ లోహమో చెప్పవద్దా? తలపై 8.8 అని ఉంటే, ఆ ఉక్కు 800 మెగాపాస్కల్‌ల వరకు లాగుడుకు తాళగలదనీ, అందులో 80 శాతం వరకు శాశ్వతంగా సాగిపోదనీ అర్థం. దాని స్థానంలో చేతికందిన మెత్తని ఉక్కు కడ్డీని మరలు కోసి బిగిస్తే, రంగు పూసిన తరువాత రెండింటికీ తేడా కనబడదు. సముద్రం మాత్రం కనిపెడుతుంది. స్టెయిన్‌లెస్ అయితే చాలునన్న మాట కూడా నిజం కాదు. 304 రకం ఉప్పుగాలికి గుంటలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 మెరుగు. అదే బోల్టును అల్యూమినియం పడవకు నేరుగా బిగిస్తే, ఉప్పునీటి తడిలో అల్యూమినియమే తినివేయబడుతుంది.

మరల సంగతి వేరొక చిక్కు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరకు 60. చాథం రంపపు మిల్లు స్థాపితమైన 1883 నాటి బ్రిటిష్ యంత్రాలది అంగుళాల లెక్క. అరంగుళపు విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, అమెరికా పద్ధతి ముతక మరకు 13. పొరపాటున ఒకదాని నట్టును మరొకదానికి ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బిగిసినది కదా అని మురిసిపోరాదు.

విరిగిన బోల్టును పారవేయక, టర్నరుకు తప్పక చూపాలి. విరిగిన ముఖంపై, ఆటుపోట్లు ఇసుకమీద విడిచిన చారల వంటి గీతలు కనబడితే, అది ఒక్కనాటి దెబ్బకు కాక నెలల తరబడి పగులు ప్రాకి విరిగినదని గ్రహించాలి. అట్టి పగులు తరచుగా తల క్రింది మూల వద్దనే మొదలవుతుంది. అప్పుడు పాత కొలతలకే మరొకటి చేయక, ఆ మూలను మరికొంత గుండ్రంగా, ఉలి గీత లేకుండా నునుపు చేసి తయారుచేస్తారు.