ఓడ గడియారం, తిమింగలం ఊపిరి

జూనో రేవులో ఓడ దిగాక మేం చేసిన మొదటి పని, గంటసేపు వానలో నిలబడడం. అలాస్కా టైము సియాటిల్ కన్నా గంట వెనక. ఓడలో గడియారాలన్నీ ముందురోజు రాత్రే వెనక్కి తిప్పారు. మా అమ్మాయి చేతి వాచీ మాత్రం సియాటిల్‌లోనే ఉండిపోయింది. దాన్ని నమ్ముకుని అందరం గంట ముందే బయటపడ్డాం. మా ఆవిడ చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కాయి. ఆరేళ్ల మనవడు మాత్రం తీరిగ్గా, "తాతయ్యా, తిమింగలాలు కూడా లేటా?" అన్నాడు.

నయమే. ఇదే పొరపాటు అటు తిరిగి జరిగుంటే ఓడే వెళ్లిపోయేది.

క్రూజు ఓడ ఆగిన కొద్ది గంటల్లో ఇంటిల్లిపాదీ తిమింగలాల్ని చూసి రావాలంటే రెండు గడియారాల్ని కలపాలి. ఒకటి ఓడది, రెండోది తిమింగలం ఊపిరిది. ఈ రెండోదాని సంగతి కాస్త తెలిస్తే ఏ బోటు ఎక్కాలి, పిల్లల్ని ఎలా ఓపిక పట్టించాలి, ఫోటో ఎప్పుడు తియ్యాలి అన్నవి చాలామటుకు వాటంతటవే తేలిపోతాయి. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నా పక్షపాతం నాకుంటుందనుకోండి.

ముందు ఓడ లెక్క తేల్చేద్దాం. జూనో అలాస్కా రాష్ట్రానికి రాజధానే అయినా బయటి ఊళ్ల నుంచి దానికి రోడ్డు లేదు. నీటి మీదో గాలిలోనో వెళ్లాల్సిందే. క్రూజు ఓడలు ఊరి నడిబొడ్డునే ఆగుతాయి. తిమింగలాల బోట్లు బయల్దేరేది మాత్రం అక్కణ్నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆక్ బే నుంచి. బస్సులో దాదాపు అరగంట. నీటి మీద రెండు, రెండున్నర గంటలు. మళ్లీ బస్సు. ఎక్కడం దిగడం కలుపుకుని మొత్తం మూడున్నర నుంచి నాలుగు గంటలు. ఓడ కదిలే టైముకి కనీసం అరగంట ముందే అందరూ లోపల ఉండాలంటారు. కనుక బోటు తిరిగొచ్చే వేళకీ ఓడ పిలుపుకీ మధ్య రెండు గంటలైనా ఖాళీ పెట్టుకోవడం మంచిది. ఓడవాళ్ల దగ్గరే టికెట్టు కొంటే ఆలస్యమైనా ఆ బాధ్యత వాళ్లది. బయట కొంటే తక్కువకి వస్తుంది, చిన్న బోటూ దొరుకుతుంది, ఆలస్యం మాత్రం మన నెత్తిన. సాయంత్రం ట్రిప్పు దొరికిందని దిగులుపడనక్కర్లేదు. జూన్ నెలలో అక్కడ పొద్దు గూకేది రాత్రి పదింటి ప్రాంతంలో.

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే మనవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఈ ఓడల్లో చాలావాటి మీద ఎగిరేది విదేశీ జెండా. అలాంటి ఓడ అమెరికా ఊళ్ల మధ్యే జనాన్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకని దారిలో కెనడాలోని విక్టోరియా రేవును తాకి వస్తాయి. ఊరి నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్లు, వాళ్ల భారత పాస్‌పోర్టు మీద కెనడా వీసా ఉందా, అమెరికా వీసా రెండోసారి అడుగుపెట్టడానికి పనికొస్తుందా అన్నవి టికెట్ల కన్నా ముందు చూసుకోవాలి. తిమింగలాలకైతే ఈ గొడవ లేదు.

వాటి ప్రయాణమూ చిన్నదేం కాదు. జూనో చుట్టుపక్కల వేసవిలో కనబడేవి ఎక్కువగా హంప్‌బ్యాక్ తిమింగలాలు. వీటిలో చాలావాటికి చలికాలం పుట్టిల్లు హవాయి. అక్కడి గోరువెచ్చని నీళ్లలో జతకడతాయి, పిల్లల్ని కంటాయి. తిండి మాత్రం అక్కడ దాదాపు సున్నా. వసంతంలో బయల్దేరి 4,000 కిలోమీటర్లకు పైగా ఈది అలాస్కా చేరతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా మనకి సీజను అంటే, వాటికది భోజనాల వేళ. హవాయిలో కరిగిన కొవ్వును ఇక్కడే తిరిగి కూడబెట్టుకోవాలి. చల్లటి నీళ్లు, పొడవాటి పగలు, పూటపూటకీ నీళ్లని కలగలిపే ఆటుపోట్లు, వీటివల్ల ప్లాంక్టన్ విపరీతంగా పెరుగుతుంది. దాన్ని తినే రొయ్యల్లాంటి క్రిల్, హెర్రింగ్ చేపలు గుంపులుగా చేరతాయి. హెర్రింగ్ మన కవళ్లకి దగ్గరి చుట్టమే. బతికేది ఎక్కువగా ఇలాంటి చిన్న జీవుల మీదే, రోజుకి టన్ను దాకా మింగుతుంది హంప్‌బ్యాక్. తిండి కోసం వచ్చిన జంతువు పొద్దున్నా సాయంత్రమూ తింటూనే ఉంటుంది. "ఏ టైము ట్రిప్పు మంచిది?" అని అందరూ అడిగే ప్రశ్నకు జవాబు ఇదే: మీ ఓడకి కుదిరింది.

తిమింగలం అనే మన మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తిమి అంటే సంస్కృతంలో ఓ పెద్ద చేప. ఆ తిమిని మింగేది తిమింగిలం. తెలుగులో అదే తిమింగలమైంది. పేరు పెట్టినవాళ్లు గొంతు కొలిచినట్టు లేరు. హంప్‌బ్యాక్ నోరు ఒక గదంత తెరుచుకున్నా గొంతు సన్నం, మనిషిని మింగే వెడల్పు దానికి లేదు. పళ్లూ లేవు. పైదవడ నుంచి దువ్వెన పళ్లలా వేలాడే వందల బలీన్ పలకలుంటాయి. మన గోళ్లు దేంతో చేసినవో అవీ దాంతోనే. నీటితో సహా గుక్కెడు పట్టి, నీటిని ఆ పలకల సందుల్లోంచి నెట్టేసి, లోపల మిగిలిన చిన్న చేపల్ని మింగుతుంది. పైగా అది చేపే కాదు. చేప తోక నిలువుగా ఉండి పక్కలకి ఊగుతుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందకీ ఊగుతుంది. నేల మీద పరుగెత్తిన నాలుగుకాళ్ల పూర్వీకుల వెన్ను అలా వంగేది, ఆ పోలిక నీళ్లలోకి దిగాకా పోలేదు.

ఊపిరితిత్తులూ అలాగే మిగిలాయి. మన ప్రయాణానికి పనికొచ్చేది ఈ సంగతే.

హంప్‌బ్యాక్ 12 నుంచి 15 మీటర్ల పొడవు, 30 టన్నుల అటూఇటూ బరువు. అంత జంతువైనా గాలి కోసం పైకి రాక తప్పదు. మామూలుగా కూర్చున్నప్పుడు మనం ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తుల గాలిలో పది పదిహేను శాతమే మారుస్తాం. తిమింగలం ఎనభై శాతానికి పైగా ఒక్క ఊదుకి మార్చేస్తుంది. ఆక్సిజన్‌లో పెద్ద వాటాని కండరాల్లోని మయోగ్లోబిన్‌లో దాచుకుంటుంది. మేత కోసం మునిగితే సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు కిందే ఉంటుంది. పైకొచ్చాక వెంటవెంటనే మూడు నాలుగుసార్లు, ఒక్కోదానికీ ఇరవై ముప్పై సెకన్ల ఎడంతో ఊదుతుంది. చివరి ఊపిరి తీసుకున్నాక వీపు విల్లులా వంచి, తోక గాల్లోకెత్తి, నిటారుగా దిగిపోతుంది.

ఇప్పుడు లెక్క వెయ్యండి. మునక ఏడు నిమిషాలు, పైన రెండు నిమిషాలు అనుకుంటే ఒక విడత తొమ్మిది నిమిషాలు. ఒక తిమింగలం దగ్గర అరగంటకు మించి ఉండొద్దని అక్కడి బోట్లకి సూచన ఉంది. అంటే అది మనకి తోక చూపించేది మూడుసార్లు, అదృష్టముంటే నాలుగుసార్లు. మిగతాదంతా ఖాళీ నీళ్లు. ఆరేళ్లవాడితో వెళ్లేవాళ్లు బేరం కుదుర్చుకోవాల్సింది ఈ ఖాళీ నీళ్లతోనే. తల్లీపిల్లా కనిపిస్తే మాత్రం పండగే. పిల్ల ఊపిరి ఎక్కువసేపు బిగబట్టలేదు, మాటిమాటికీ పైకొస్తుంది.

మా మనవరాలికి పదకొండేళ్లు. దాని చేతికి అల్లుడి ఫోన్ ఇచ్చి స్టాప్‌వాచ్ పెట్టించాను. తోక మునగ్గానే నొక్కాలి, ఊదు కనబడగానే ఆపాలి. మొదటిసారి ఆరున్నర నిమిషాలు. రెండోసారి ఏడు చిల్లర. మూడోసారి ఆరు దాటేసరికి చెప్పకుండానే అందరం రెయిలింగు దగ్గరికి చేరాం. చిన్నాడికి వేరే పని. బోటు ముక్కు పన్నెండు గంటలు, తోక ఆరు గంటలు అనుకుని దిక్కు చెప్పడం. "తాతయ్యా, మూడు గంటల్లో పొగ!" అని వాడు అరిచినప్పుడు సరంగు కూడా అటే తిరిగాడు.

వాడు పొగన్నది తప్పేం కాదు. లోపలి నుంచి వేడిగా, ఒత్తిడితో వచ్చిన గాలి చల్లగాలిలో వ్యాకోచించగానే అందులోని తేమ తుంపరవుతుంది, ముక్కురంధ్రాల మీది నీళ్లూ ఎగురుతాయి. మూడు మీటర్ల ఎత్తున తెల్లటి పొద లేచినట్టుంటుంది. ఆ రోజు ఇంజను ఆపేసి ఉంది. కనబడ్డాక ఓ క్షణానికి చప్పుడు వినబడింది, లారీ ఎయిర్ బ్రేకు వదిలినట్టు. ఆపైన గాలి మావైపు తిరిగి వాసన మోసుకొచ్చింది. ఎండుచేపల బుట్టలో కుళ్లిన క్యాబేజీ కలిపితే ఎలా ఉంటుందో అది. కాకినాడ రేవు పక్కన పుట్టి పెరిగిన మా ఆవిడ కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

బోటు ఎంపికకి వస్తే, పెద్దవాళ్లూ పసివాళ్లూ ఉన్న ఇంటికి నా ఓటు మధ్యరకం బోటుకి: లోపల వెచ్చగా కూర్చునే చోటు, బాత్రూమ్, బయట నిలబడే డెక్కు ఉన్నది. ఆరుగురెక్కే చిన్న బోటులో నీటికి దగ్గరగా ఉంటాం, నిజమే, కానీ ముసలివాళ్ల మోకాళ్లు దాన్ని మెచ్చవు. జూనో నీళ్లు దీవుల మధ్య దాగినవి, విడి సముద్రం కాదు. వాంతుల భయం తక్కువే. చెవి లోపలి సంతులన యంత్రం ఊగుతున్నామంటుంది, కళ్లేమో కేబిన్ గోడ చూసి కదలట్లేదంటాయి. ఆ తగువే కడుపులో తిప్పడం. బోటు మధ్యలో, కింది అంతస్తులో నిలబడి దూరంగా ఉన్న కొండల గీతనే చూస్తుంటే తగువు తీరుతుంది. డాక్టరు చెప్పిన మాత్ర ఉంటే ఎక్కకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే ఏం లాభం?

వేసవి కదా అని స్వెట్టరుతో సరిపెట్టుకున్న మాలాంటివాళ్లకి బోటు వేగం అందుకోగానే బుద్ధొస్తుంది. మధ్యాహ్నం పదిహేను డిగ్రీలే, పైన వాన, ఎదురుగాలి. వానకి ఆగే పై చొక్కా, ఉన్ని టోపీ, మూసిన బూట్లు ఉండాలి. బైనాక్యులర్ ఏడెనిమిది రెట్లది చాలు. ఇంకా పెద్దది ఊగే బోటులో పట్టుకుంటే తిమింగలం బదులు మన చేతి వణుకే పెద్దదై కనిపిస్తుంది.

దూరం విషయంలో మొహమాటం లేదు. అలాస్కాలో హంప్‌బ్యాక్‌కి వంద గజాల లోపలికి, అంటే సుమారు 91 మీటర్ల లోపలికి బోటు పోకూడదని 2001 నుంచి నిబంధన. అది వెళ్లే దారికి అడ్డంగా ముందు కాచుకుని ఉండడమూ నిషిద్ధమే. "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి" అని సరంగుని అడిగే ప్రయాణికులు మా బోటులోనూ ఉన్నారు. అతను నవ్వి ఊరుకున్నాడు, అంతే. ఇంజను మోతలో తిమింగలం మేత మానేసి తప్పించుకు తిరిగితే, హవాయికి మోసుకెళ్లాల్సిన కొవ్వు ఆ మేరకి తగ్గుతుంది.

జూనో సముద్రపు ఒడ్డున నిలబెట్టిన నిలువెత్తు కంచు తిమింగలం నీళ్లలోంచి ఎగిరి దూకుతూ ఉంటుంది. ప్రకటనల్లోనూ అదే భంగిమ. అది చూసి వచ్చిన పిల్లలకి ముందే చెప్పాలి, అలాంటి దూకుడు కనబడకపోవచ్చని. ఎందుకు దూకుతాయన్నదాని మీద శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు. నన్నడిగితే దూకుడు కన్నా చూడాల్సింది వాటి వల. కొన్ని హంప్‌బ్యాక్‌లు కలిసి వేటాడేటప్పుడు ఒకటి హెర్రింగ్ గుంపు కింద చుట్టూ తిరుగుతూ బుడగలు వదులుతుంది. చేపలు ఆ బుడగల గోడ దాటవు. ఇంకోటి కింద నుంచి కూతపెట్టి వాటిని పైకి తరుముతుంది. మన తీరంలో అలివి వలని ఒడ్డుకి లాగినట్టు, ఇవి నీటి అంచుకి లాగుతాయి. ఆపైన అన్నీ ఒక్కసారే నోళ్లు తెరుచుకుని లేస్తాయి. ఇది మాకు దక్కలేదు. నీటి మీద వృత్తంగా బుడగలు తేలి, పక్షులు అక్కడ గుమిగూడితే కెమెరా సిద్ధం చేసుకోమని సరంగు చెప్పాడు. చూస్తూనే ఉన్నాం, కొంగల్లా.

ఫోటోల్లో తోక అడుగుభాగం పడితే దానికి విలువుంది. అక్కడి నలుపు తెలుపు మచ్చలు, అంచుల గాట్లు మన వేలిముద్రల్లాగా ఒక్కో జంతువుకీ వేరు. పర్యాటకులు తీసినవి కూడా హ్యాపీవేల్ అనే వెబ్‌సైటులో చేర్చవచ్చు. కంప్యూటరు వాటిని పాత ఫోటోలతో సరిపోల్చి ఆ తిమింగలం ఇంతకుముందు ఎక్కడ కనబడిందో చెబుతుంది. ఉత్తర పసిఫిక్ లెక్క తేలింది ఇలాంటి ఫోటోలతోనే. 1966లో వేట నిషేధించేనాటికి వెయ్యీ పదిహేను వందల మధ్య మిగిలాయనుకున్న హంప్‌బ్యాక్‌లు 2012 నాటికి సుమారు 33,000 అయ్యాయి. ఆ తర్వాత 2014 నుంచి 2016 దాకా ఆ సముద్రం మామూలు కన్నా బాగా వేడెక్కింది, మేత తగ్గింది. 2021కి లెక్క సుమారు 26,600కి పడిపోయింది. వేట లేకుండానే అయిదో వంతు పోయాయి.

ఆ రాత్రి కేబిన్‌లో మనవరాలి ఫోటోలు తిరగేశాం. అరవై ఒకటి. ఒకదాంట్లో తోక కొసా, రెండిట్లో వీపూ ఉన్నాయి. తక్కినవన్నీ నీళ్లే. అందులో చాలావాటిలో, అలల మధ్య నూనె పోసినట్టు నున్నటి గుండ్రని మరక ఉంది. కిందికి దిగుతూ తోక కొట్టిన దెబ్బకి నీళ్లు పైకి తన్నుకొచ్చి, చిన్న అలల్ని కాసేపు అణిచేస్తాయి. అక్కడివాళ్లు దాన్ని అడుగుజాడ అంటారు. అన్నీ ఒకేలా ఉన్నాయి, తీసెయ్యమంది మా అమ్మాయి. చిన్నాడు ఫోన్ లాక్కుని, దుప్పటి కిందకి దూరి, ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు: "ఇక్కణ్నుంచి వెళ్లింది. ఇక్కణ్నుంచి వెళ్లింది. ఇక్కణ్నుంచీ."