పండగ చూసి కాదు... మంచు చూసి!

నాలుగు రోజుల సెలవు దొరికితే చాలు, మంచుకొండ మీద స్కీయింగ్‌ చేసి రావచ్చు. అయితే టికెట్ల కన్నా, హోటల్‌ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అదే... తేదీ!

డిసెంబరు నెలాఖరు. పాతబస్తీలో పొద్దున ఏడైనా చలి వదలదు. నిహారీ డేగిషాల దగ్గర గుంపులు, ఇరానీ చాయ్‌ కప్పుల మీంచి లేచే పొగలు, చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న పెద్దవాళ్లు. సరిగ్గా అప్పుడే ఇంట్లో పిల్లలకు మంచుకొండలు గుర్తొస్తాయి. తెల్లటి వాలు మీంచి కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని సర్రున జారిపోయే కుర్రాడి వీడియో ఒకటి ఫోన్లో చూపిస్తారు. 'మనమూ వెళ్దాం' అని పట్టుబడతారు. క్రిస్మస్‌, కొత్త సంవత్సరం, ఆ వెనకే సంక్రాంతి... సెలవులూ దగ్గర్లోనే ఉన్నాయి. ఇంకేం, బయల్దేరడమే కదా!

అక్కడే చిక్కంతా. ఆ పది పదిహేను రోజుల్లోనే దేశమంతా మంచు చూడ్డానికి బయల్దేరుతుంది. విమాన ఛార్జీలు రెక్కలు కట్టుకుంటాయి. హోటళ్లలో గది దొరకడమే గొప్ప. అన్నీ దొరికించుకుని తీరా అక్కడికి వెళ్తే మంచు ఉండకపోవచ్చు. లేదా దారే కనిపించనంత ఉండొచ్చు!

ఇంతకీ ఎక్కడికి?

మంచుమీద ఆడుకోవడం హైదరాబాద్‌కు మరీ కొత్తేం కాదు. 2004లోనే ఇందిరాపార్కు దగ్గర స్నో వరల్డ్‌ మొదలైంది. కోటు, చేతి తొడుగులు వేసుకుని గంటసేపు కృత్రిమ మంచులో గంతులేసి వచ్చిన పిల్లలు పాతబస్తీలోనూ ఎందరో. కానీ అసలైన స్కీయింగ్‌కు కొండా, వాలూ కావాలి. దానికి ఉత్తరాదికి వెళ్లాల్సిందే.

మనదేశంలో స్కీయింగ్‌కు పేరున్నవి ముఖ్యంగా మూడు. ఉత్తరాఖండ్‌లోని ఔలి, హిమాచల్‌ప్రదేశ్‌లో మనాలీ పక్కనున్న సోలంగ్‌ లోయ, కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌. ఔలి వాలులు అందమైనవే. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల పోటీలు అక్కడా జరిగాయి. కానీ రిషికేశ్‌ నుంచి జోషీమఠ్‌ చేరడానికే ఘాట్‌రోడ్డులో పగలంతా పడుతుంది. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఔలికి వెళ్లే రోప్‌వేను ఆపేశారు. సోలంగ్‌ వెళ్లాలంటే ఢిల్లీ నుంచి అయిదొందల కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం. వారం రోజులు చేతిలో ఉన్నవాళ్లకు ఆ రెండూ మంచివే.

నాలుగు రోజులే ఉంటే మాత్రం గుల్‌మార్గే నయం. శ్రీనగర్‌ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. విమానం దిగిన మర్నాడే మంచుమీద ఉండొచ్చు. శంషాబాద్‌ విమానాశ్రయం విషయంలో పాతబస్తీవాళ్లు అదృష్టవంతులు. చార్మినార్‌ నుంచి దాదాపు 20 కిలోమీటర్లే. తెల్లవారుజామున బయల్దేరి ఢిల్లీలో విమానం మారితే, మధ్యాహ్నం దాటాక శ్రీనగర్‌లో దిగొచ్చు.

ఒకే ఏడాది... రెండు పాఠాలు

2024 జనవరిలో గుల్‌మార్గ్‌ వెళ్లినవాళ్లు నోరెళ్లబెట్టారు. అడుగుల కొద్దీ మంచు పేరుకుపోయి ఉండాల్సిన మైదానంలో ఎండిన గడ్డి కనిపించింది. నెలాఖరుకు గానీ చెప్పుకోదగ్గ మంచు పడలేదు. అదే ఏడాది డిసెంబరు చివర్లో పూర్తిగా తలకిందులైంది. 27, 28 తేదీల్లో కురిసిన మంచుకు శ్రీనగర్‌-జమ్మూ రహదారి మూతపడింది, విమానాలు రద్దయ్యాయి. అదే వారంలో మనాలీ వైపు సోలంగ్‌ దగ్గర వేలమంది పర్యాటకులు రాత్రివేళ బండ్లలో చిక్కుకుపోతే పోలీసులు బయటికి తెచ్చారు. ఒకసారి మంచు లేక నిరాశ, ఇంకోసారి మంచెక్కువై అవస్థ. రెండూ సెలవుల రద్దీలోనే!

మరుసటి ఏడాదిది ఇంకో కథ. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడ్డాయి. మార్చి 9 నుంచి 12 వరకూ అదే వాలుల మీద బ్రహ్మాండంగా జరిగాయి.

కశ్మీరీల లెక్కలో చలికాలానికి మూడు ముక్కలు. డిసెంబరు 21 నుంచి 40 రోజులు 'చిల్లై కలాన్‌', అంటే పెద్ద చలి. తర్వాత 20 రోజులు 'చిల్లై ఖుర్ద్‌', చిన్న చలి. చివరి పది రోజులు 'చిల్లై బచ్చా', పిల్ల చలి. పెద్ద చలిలో కురిసిన మంచే గట్టిపడి సీజన్‌ చివరిదాకా నిలుస్తుంది. అంటే క్రిస్మస్‌ నాటికి సీజన్‌ ఇంకా మొదట్లోనే ఉంటుంది. ఏటా మంచు ఒకేలా పడకపోయినా, మొత్తమ్మీద జనవరి చివరి నుంచి మార్చి మధ్య వరకూ వెళ్లినవాళ్లకే మంచు దొరికే అవకాశం ఎక్కువ.

పాతబస్తీ క్యాలెండర్‌ వేరు

అలాగని ఫిబ్రవరిలో వెళ్లిపోదామంటే పాతబస్తీలో అందరికీ కుదరదు. సంక్రాంతి దాకా గుల్జార్‌ హౌజ్‌, ధూల్‌పేటల్లో పతంగుల వ్యాపారం. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్‌. అక్కడ స్టాలు పెట్టినవాళ్లు ఫిబ్రవరి మధ్య దాకా కదల్లేరు. లాల్‌దర్వాజ, గౌలిపురా ఇళ్లలో పదో తరగతి, ఇంటర్‌ చదివే పిల్లలుంటే పరీక్షల భయం.

అన్నిటికన్నా పెద్ద సీజన్‌ రంజాన్‌. లాడ్‌ బజార్‌ గాజుల దుకాణం నుంచి పత్తర్‌గట్టి బట్టల కొట్టు, మదీనా దగ్గర అత్తరు బండి, హలీం భట్టీ వరకూ ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ నెలలోనే. చంద్రమానం ప్రకారం రంజాన్‌ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి 2న మొదలైన నెల, 2030 వచ్చేసరికి జనవరి మొదటి వారానికి చేరుతుంది. మధ్యలో ఫిబ్రవరి మీదుగానే వెళ్లాలి కదా! మంచుకాలం, రంజాన్‌ కాలం కలిసి వచ్చే రోజులివి.

ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ, జాగ్రత్తగా చూస్తే వరమే. ఎలాగంటారా? రంజాన్‌ ముందుకు జరిగితే ఈదూ జరుగుతుంది. ఈద్‌ 2025లో మార్చి 31న వచ్చింది. 2027లో మార్చి రెండో వారం దగ్గర్లో, 2028లో ఫిబ్రవరి నెలాఖరులో, 2029లో ఫిబ్రవరి మధ్యలో వస్తుంది. నెలంతా కష్టపడిన దుకాణదారుకు కాస్త ఊపిరాడేది ఈద్‌ తర్వాతే. గల్లా నిండి ఉంటుంది, గిరాకీ తగ్గి ఉంటుంది. కొండమీద క్రిస్మస్‌ గుంపు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఢిల్లీలో విమానాల్ని గంటల తరబడి ఆపే పొగమంచూ ఉండదు. దేశమంతా తోసుకునే వారంలో కాకుండా, పాతబస్తీకి మాత్రమే ఖాళీ దొరికే వారంలో వెళ్లొచ్చన్నమాట!

ఒక్క జాగ్రత్త. ఈద్‌ తేదీని తేల్చేది నెలవంక. ఈద్‌ నాటి పలకరింపులు, బాసీ ఈద్‌ విందులు అయ్యాక, కనీసం రెండు రోజులు వదిలి టికెట్‌ తీసుకోవాలి. రంజాన్‌తో పనిలేని ఇళ్లవాళ్లకు, పరీక్షలు రాసే పిల్లలున్నవాళ్లకు జనవరి 26 దగ్గరి వారాంతం మేలు.

నాలుగు రోజులు... ఇంకొకటి

మొదటిరోజు శ్రీనగర్‌ చేరి అక్కడే పడుకోవాలి. సాయంత్రం చీకటిపడ్డాక మంచు రోడ్డెక్కడం తెలివైన పని కాదు. రెండోరోజు పొద్దున్నే గుల్‌మార్గ్‌. టంగ్‌మార్గ్‌ నుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాట్‌రోడ్డు. మంచు ఎక్కువగా ఉంటే చక్రాలకు గొలుసులున్న బండ్లను, ఫోర్‌వీల్‌ డ్రైవ్‌ వాహనాలనే వదులుతారు. ఆ రోజు, మర్నాడు స్కీయింగ్‌. మూడోరోజు సాయంత్రం వెలుగుండగానే శ్రీనగర్‌కు తిరిగిరావాలి. నాలుగోరోజు విమానం.

అయిదో రోజును ఊరికే చేతిలో ఉంచుకోవాలి. పెళ్లి, బ్యాంకు పని, బడిలో పరీక్ష... ఏవీ ఆ రోజుకు పెట్టుకోకూడదు. మంచు కురిసి విమానం రద్దయితే ఆ ఒక్కరోజే కాపాడుతుంది.

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్‌ సిమ్‌లు కశ్మీర్‌లో పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్‌ ఉండాలి. గండోలా, అంటే తీగల మీద కొండెక్కించే పెట్టెల టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. గది మాట్లాడుకునేటప్పుడు హీటర్‌ ఉందా, స్కీల అద్దె, శిక్షకుడి రుసుము ధరలో కలిపారా అని రాతపూర్వకంగా అడగాలి. నుమాయిష్‌కు వెళ్తే కశ్మీరీ స్టాళ్లలో శాలువాలు బేరమాడుతూ 'మీ ఊళ్లో మంచెలా ఉంది?' అని కూడా అడగొచ్చు. ఇంటినుంచి రోజూ ఫోన్లు వచ్చేవాళ్లకన్నా బాగా ఎవరు చెబుతారు!

నిలబడటమే మొదటి పాఠం

రెండు రోజుల్లో స్కీయింగ్‌ వచ్చేస్తుందా? కిందపడకుండా నిలబడటం, జారడం, కావాల్సినచోట ఆగడం... ఈ మూడూ వస్తే గొప్పే. గుల్‌మార్గ్‌ మైదానంలోనే కొత్తవాళ్ల కోసం చిన్న చిన్న వాలులున్నాయి. స్కీలు, బూట్లు, కర్రలు అద్దెకిస్తారు. శిక్షకుడు తప్పనిసరి. పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువతకు కేంద్ర పర్యాటక శాఖ సంస్థ 1968 నుంచి అక్కడే ఉంది. దాని కోర్సులకు మాత్రం రోజులు ఎక్కువ కావాలి.

మోకాళ్లు కాస్త వంచి, బరువు ముందుకు వేయాలి. ఆగాలంటే స్కీల ముందు కొసలు దగ్గరకు, మడమలు దూరానికి జరపాలి. పడక తప్పదనిపిస్తే వెనక్కి కాదు, పక్కకు ఒరగాలి. జీన్స్‌ అసలు వద్దు. తడిస్తే ఆరదు, ఒళ్లు గడ్డకడుతుంది. రెండు జతల మందపాటి సాక్సుల కన్నా ఒక పల్చటి ఉన్ని జత నయం. నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్‌ మరచిపోవద్దు. మంచుమీద ఎండ రెండింతలు కొడుతుంది. బరువైన కోట్లు కొనక్కర్లేదు, టంగ్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి.

టంగ్‌మార్గ్‌ అంటే మరో మాట. 2022 బీజింగ్‌ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్‌ తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్‌ ఖాన్‌ది ఆ ఊరే. ఆయనా ఈ వాలుల మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నవాడే!

కొండతో పరాచికాలొద్దు

హైదరాబాద్‌లో 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలే పెద్ద చలిగా చెప్పుకొంటాం. గుల్‌మార్గ్‌లో జనవరి రాత్రి మైనస్‌ పదికి దిగడం మామూలే. ఎత్తు సంగతీ అంతే. హైదరాబాద్‌ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంటే, గుల్‌మార్గ్‌ 2,650 మీటర్లు. గండోలా మొదటి అంచె కాంగ్‌డోరి మూడువేలు దాటుతుంది. రెండో అంచె అఫర్వత్‌ దాదాపు 3,950 మీటర్లు. అక్కడ పీల్చే గాలిలో ప్రాణవాయువు మన ఊళ్లో కన్నా బాగా తక్కువ. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు మైదానంలోనే ఉండటం మంచిది. వెళ్లేముందు డాక్టరును అడగాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే మందు మింగి పైకి వెళ్లడం కాదు, వెంటనే కిందకు దిగాలి.

అఫర్వత్‌ మీంచి జారే దారులు ఆరితేరినవాళ్లవి. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు, 2024 ఫిబ్రవరిలో ఒకరు విదేశీ స్కీయర్లు అక్కడి హిమపాతాల్లో చనిపోయారు. గస్తీ సిబ్బంది వద్దన్న చోటికి ఫొటో కోసమైనా వెళ్లకూడదు. గాలి ఎక్కువై గండోలా ఆపితే గొడవ పడకూడదు.

మరో భయమూ ఉంది. 2025 ఏప్రిల్‌ 22న పహల్గాం దగ్గర ఉగ్రవాదులు 26 మందిని బలిగొన్నారు. ఆ తర్వాత కశ్మీర్‌లో ఎన్నో పర్యాటక స్థలాల్ని మూసి, దశలవారీగా తెరిచారు. వెళ్లాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిందే. వెళ్లేవాళ్లు మాత్రం ప్రభుత్వ ప్రకటనలు చూసుకోవాలి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే టికెట్లే కొనాలి. ఎక్కడ ఉంటున్నదీ ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ చెప్పాలి.

మంచు లేదని తెలిస్తే ప్రయాణాన్ని వారం వాయిదా వేయడం ఓటమి కాదు. బడి గంట కొట్టిందని కొండ మీద మంచు కురవదు మరి. ఈసారి నెలవంక కనిపించగానే షీర్‌ ఖుర్మాకు పాలు, సేమ్యా తెప్పించండి. పన్లోపనిగా గుల్‌మార్గ్‌లో మంచెంతుందో కూడా ఓసారి కనుక్కోండి!