ఆఫీసు మానిటర్ ఎన్నేళ్లు నడవాలి? అది పోతే జీతం ఎందుకు కోయాలి?

ఈ వారం ఎపిసోడ్‌లో లెక్కలు ఎక్కువ దొర్లాయి. డ్యూటీకి పోతూ బస్సులో వినేవాళ్లకు అవి చెవిన పడి జారిపోతాయి కాబట్టి, ముఖ్యమైనవి ఇక్కడ రాసి పెడుతున్నాం.

సౌదీలో ఒక సైట్ ఆఫీసులో టైమ్‌కీపర్‌గా చేసే తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలైంది ఇది. "అన్నా, మానిటర్ పొద్దుగాల ఆన్ చేస్తే వెలుగుతలేదు. ఆరేండ్ల పాతది. నీ టేబుల్ మీదిదే గదా, నీ జీతంల కోస్తమంటున్రు. అసలు గది ఎన్నేండ్లు నడవాలె?"

కంపెనీ లెక్కల పుస్తకం ఒక జవాబు చెబుతుంది, మానిటర్ లోపలి భాగాలు ఇంకొకటి చెబుతాయి. పుస్తకాల్లో మామూలుగా మూడు నుంచి అయిదేళ్లకు దాని విలువ దాదాపు సున్నా చేసేస్తారు. ఆఫీసులకు అమ్మే మోడళ్లకు డెల్, హెచ్‌పీ లాంటివాళ్లు ఎక్కువగా 3 ఏళ్ల వారంటీ ఇస్తారు. ఐజో అనే జపాన్ కంపెనీ 5 ఏళ్లు ఇస్తుంది. వారంటీ అయిపోయిందంటే మానిటర్ పని అయిపోయిందని కాదు, అక్కడితో తయారీదారు బాధ్యత తీరిందని మాత్రమే.

ఇక లోపలి సంగతి. స్క్రీన్ వెనకాల వెలుగిచ్చే ఎల్‌ఈడీల ఆయుష్షు సాధారణంగా 30,000 నుంచి 50,000 గంటలు అంటారు. ఆ గంటలు నిండేసరికి వెలుగు సగానికి పడిపోతుందని అర్థం, ఒక్కసారిగా ఆరిపోతుందని కాదు. రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే ఏడాదికి 3,120 గంటలు. తక్కువ లెక్క 30,000 తీసుకున్నా తొమ్మిదిన్నరేళ్లు దాటుతుంది. అదే సెక్యూరిటీ రూములో సీసీటీవీ ముందు రాత్రింబవళ్లు వెలిగే మానిటర్‌కు ఏడాదికి 8,760 గంటలు, అంటే మూడున్నరేళ్లలోపే ఆ 30,000 అయిపోతాయి. కాబట్టి కొన్న సంవత్సరం ఒక్కటే చూస్తే సరిపోదు, ఎన్ని గంటలు వెలిగిందో కూడా చూడాలి.

మరి ఆరేళ్లకే ఎందుకు పోతాయి? చాలాసార్లు ముందు పోయేది స్క్రీన్ కాదు, కరెంటు సర్దే పవర్ బోర్డు. దాని మీద చిన్న డబ్బాల్లా కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపలి ద్రవం వేడికి మెల్లగా ఇంకిపోతుంది, కొన్నిటికి పైభాగం ఉబ్బుతుంది. వాటి మీద '105 డిగ్రీలు' అని రాసి ఉంటుంది. మామూలు రకమైతే ఆ వేడిలో 2,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు హామీ. వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్లు వాడే లెక్క ఒకటుంది. దాని ప్రకారం కెపాసిటర్ దగ్గర 65 డిగ్రీలుంటే 32,000 గంటలు, 75 ఉంటే 16,000. మన తమ్ముడి డ్యూటీ గంటలతో చూస్తే మొదటిది పదేళ్లు, రెండోది అయిదేళ్లు. పది డిగ్రీల తేడాకు సగం ఆయుష్షు పోతుంది! ఏసీ సరిగా లేని పోర్టా క్యాబిన్, వెనకాల గాలి రంధ్రాల్లో ఇసుక దుమ్ము, ఎక్కువ తక్కువలయ్యే జనరేటర్ కరెంటు. అలాంటి చోట ఆరేళ్లు నడిచిందంటే మెచ్చుకోవాల్సిన వస్తువే.

పోయిందని తేల్చే ముందు కొన్ని చూడండి. 'నో సిగ్నల్' అని వస్తే మానిటర్ బతికే ఉంది, కేబులో కంప్యూటరో చూడాలి. అసలు లైటే రాకపోతే ముందు వైరు, అడాప్టర్ మార్చి చూడండి. చీకటిగా ఉన్న స్క్రీన్ మీద ఫోన్ టార్చి వేస్తే బొమ్మ మసకగా కనిపిస్తే, పోయింది వెనక లైటు వైపు. ప్యానెల్ పగిలితే మాత్రం రిపేరు ఖర్చుకు కొత్తదే వస్తుంది.

ఇప్పుడు జీతం మాట. సౌదీ కార్మిక చట్టం, 2005లో వచ్చినది, ఆర్టికల్ 91లో ఈ విషయం ఉంది. కార్మికుడి తప్పు వల్లగానీ, యజమాని సూచనలు మీరడం వల్లగానీ అతని చేతిలోని యంత్రం పాడైతేనే కోత. అదీ నెలకు అయిదు రోజుల జీతం మించకూడదు. వేరేవాళ్ల తప్పయితే, మన చేతిలో లేని ఆపదయితే ఇది వర్తించదు. వయసు మీద పడి పోయిన కెపాసిటర్ కార్మికుడి తప్పు ఎలా అవుతుంది? నాకైతే అర్థం కాదు. మానిటర్ వెనక స్టిక్కర్ మీద తయారీ తేదీ, సీరియల్ నంబరు ఉంటాయి, వెంటనే ఫోటో తీసుకోండి. ఐటీవాళ్లు ఏం పోయిందో చెబితే రాసి ఇమ్మనండి. చదవలేని అరబీ కాగితం మీద సంతకం పెట్టకండి. మాట వినకపోతే మక్తబ్ అమల్‌కు వెళ్లే దారి ఉంది, అప్పుడు ఈ ఫోటోలే పనికొస్తాయి.

ఆఫీస్ బాయ్‌గా చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. అద్దాలు తుడిచే నీలం ద్రవం స్క్రీన్ మీద కొట్టకండి. చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, అది పై పూతను పాడుచేస్తుంది, కింది అంచులోకి కారితే బోర్డు కూడా పోవచ్చు. మెత్తటి బట్టను నీళ్లతో కొంచెం తడిపి, స్క్రీన్ ఆర్పేశాక తుడవండి. బ్రైట్‌నెస్ నూటికి నూరు అక్కర్లేదు, సగం పెడితే కళ్లకూ హాయి, ఎల్‌ఈడీలకూ వేడి తక్కువ. స్క్రీన్‌సేవర్ వల్ల ఇప్పుడు లాభం లేదు. అది పాత డబ్బా మానిటర్ల కాలం సంగతి. బొమ్మ కదులుతున్నంతసేపు వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, స్లీప్‌లోకి పంపడమే మేలు.

కంపెనీ అయిదేళ్లకు తీసేసే మానిటర్లు పిల్లల చదువుకు ఇంటికి పంపాలనుకునేవాళ్లు చాలామంది అడిగారు. ఆఫీసులో మామూలుగా వాడినదైతే ఇంకా ఏళ్ల తరబడి నడవొచ్చు. హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొత్త లాప్‌టాప్‌కు అతకడం తలనొప్పి. స్టిక్కర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే మన ఊరి కరెంటుకు సరిపోతుంది. పిన్ను మాత్రం మారుతుంది, ఇంటి దగ్గర గుండ్రటి పిన్నుల వైరు కొంటే చాలు. అన్నిటికంటే ముందు, "పారేసిందే కదా, తీసుకుపో" అని సూపర్‌వైజర్ నోటిమాట మీద గేటు దాటించకండి. సీరియల్ నంబరు, మీ పేరు, కంపెనీ స్టాంపు ఉన్న గేట్ పాస్ చేతికొచ్చాకే ప్యాక్ చేయండి.