పట్టు ఉన్నంత వరకే కొండ: ఖరగ్‌పూర్ నుంచి డార్జిలింగ్‌కు ఒక సైన్సు ప్రయాణం

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగు ఇళ్లల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి 'ఊరికి'. అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు. రెండోది 'కొండకి'. బెంగాల్‌లో ఉన్నవాళ్లకు కొండ అంటే ముందుగా గుర్తొచ్చేది డార్జిలింగే.

ఖరగ్‌పూర్‌కూ తెలుగువారికీ మధ్య బంధాన్ని వేసింది రైలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టిన రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు పని కోసం వచ్చి స్థిరపడ్డాయి. బెంగాల్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలపడానికి ప్రధాన కారణం ఈ ఊరే. ఇంజను, చక్రం, పట్టా అనే మాటలు ఇక్కడి పిల్లలకు అక్షరాలతోపాటే అలవాటవుతాయి. అలాంటి పిల్లలతో డార్జిలింగ్ వెళితే అది విహారయాత్రతో ఆగదు. కొండ ఎక్కే బండి, ఉబ్బిన చిప్స్ ప్యాకెట్టు, ముందుగా వెలిగే శిఖరం... ప్రతిదీ ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నల్లో ఒకటి ప్రాణాలకు సంబంధించినది.

గాలి పలచబడే దారి

ఖరగ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తులో ఉంది. డార్జిలింగ్ ఎత్తు సుమారు 2,050 మీటర్లు. హౌరా చేరి, అక్కడి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి న్యూ జల్‌పాయిగురి. అక్కడి వరకు నేల దాదాపు చదునే. రెండు కిలోమీటర్ల ఎత్తంతా చివరి 80 కిలోమీటర్ల దారిలోనే ఎక్కాలి.

ఈ మార్పును మొదట పసిగట్టేది చిప్స్ ప్యాకెట్టు. కింద కొన్న ప్యాకెట్టు కర్సియాంగ్ దాటేసరికి బిగుసుకుని బెలూనులా తయారవుతుంది. ప్యాకెట్టు లోపలి గాలి మైదానపు పీడనంతో మూసి ఉంటుంది. బయటి గాలి పీడనం మాత్రం డార్జిలింగ్ చేరేసరికి సుమారు 20 శాతం తగ్గిపోతుంది. లోపలి గాలి బయటికి నెడుతుంది, ప్యాకెట్టు ఉబ్బుతుంది.

అదే కారణం వంటింట్లోనూ పనిచేస్తుంది. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. డార్జిలింగ్‌లో నీరు సుమారు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో వేడి అంతకు మించదు. అందుకే అక్కడ అన్నం, పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి అవుతుంది.

చలికి లెక్క కూడా సులువే. పైకి వెళ్లే కొద్దీ ప్రతి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. అంటే ఎత్తు ఒక్కదాని వల్లే ఖరగ్‌పూర్‌కూ డార్జిలింగ్‌కూ 13 డిగ్రీల తేడా. స్వెట్టరు ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది టోపీ. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. చల్లగా ఉంది కదా అని రోజంతా ఎండలో తిరిగితే సాయంత్రానికి పిల్లల బుగ్గలు కందిపోతాయి.

గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుందని చాలామంది భయపడతారు. నిజానికి దాని వాటా పైనా కిందా 21 శాతమే. గాలి మొత్తం పలచబడటం వల్ల ఒక్కో ఊపిరిలో అందేది తగ్గుతుంది. కొండ జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది కాబట్టి డార్జిలింగ్‌లో ఆరోగ్యవంతులకు మెట్లెక్కితే ఆయాసం తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లు మాత్రం ముందే డాక్టరును అడగాలి. 3,636 మీటర్ల సందక్‌ఫూకు వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి రెండు రోజులు ఆగుతూ ఎక్కడం మంచిది.

గుప్పెడు ఇసుక చేసే పని

రైల్వే కుటుంబాలకు అసలు ఆకర్షణ బొమ్మ రైలు. 1881లో పూర్తయిన ఈ రెండడుగుల గేజి మార్గాన్ని యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 88 కిలోమీటర్ల ఈ దారిలో ఘూమ్ స్టేషను 2,258 మీటర్ల ఎత్తులో ఉంది. దేశంలో అన్నిటికంటే ఎత్తయిన రైల్వే స్టేషను అదే. పళ్ల చక్రాలు, పళ్ల పట్టాలు ఏవీ లేవు. మామూలు ఉక్కు చక్రం, మామూలు ఉక్కు పట్టా.

మరి జారిపోదా? ఏ పిల్లయినా అడిగే ప్రశ్న ఇది. జవాబు 'పట్టు'లో ఉంది. చక్రానికీ పట్టాకూ మధ్య ఉండే ఘర్షణే ఇంజనును ముందుకు నడుపుతుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న పట్టా మీద ఇంజను బరువులో సుమారు నాలుగో వంతు వరకు లాగే బలం దొరుకుతుంది. తడి, ఆకుల జిగురు, నూనె మరక ఉంటే అది పదో వంతుకు పడిపోవచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 15 టన్నుల ఇంజను, 25 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు. ఇక్కడ ప్రతి టన్ను బరువూ 40 కిలోల బలంతో బండిని వెనక్కి లాగుతుంది. పట్టా పొడిగా ఉంటే ఇంజనుకు దొరికే బలం 3,750 కిలోలు. అందులో 600 కిలోలు తనను తాను పైకి మోసుకోవడానికే పోతాయి. మిగిలినదానితో సుమారు 78 టన్నులు లాగవచ్చు. పట్టా తడిస్తే దొరికే బలం 1,500 కిలోలే. ఇంజను ఖర్చు పోను లాగగలిగేది సుమారు 22 టన్నులు. ఇతర నిరోధాలు కలిపితే ఇంకా తక్కువ. ఇంజను మారలేదు, బొగ్గు మారలేదు. మధ్యలోకి నీరు వచ్చింది, అంతే.

అందుకే పాత ఆవిరి ఇంజను ముందు భాగంలో మనుషులు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లేవారు. ఇసుక రేణువులు నలిగి చక్రానికి పట్టు ఇస్తాయి. ఖరగ్‌పూర్ రైల్వే పిల్లలకు ఇది కొత్త కాకపోవచ్చు. నేటి పెద్ద ఇంజన్లకు కూడా చక్రాల దగ్గర ఇసుక పెట్టెలు ఉంటాయి.

అరకు దారి, డార్జిలింగ్ దారి

సెలవులకు 'ఊరికి' వెళ్లినప్పుడు విశాఖ నుంచి అరకు రైలెక్కినవారికి మరో ప్రశ్న రావాలి. అరకు దారిలో సొరంగం వెనుక సొరంగం వస్తుంది. కొత్తవలస-కిరండూల్ మార్గంలో అలాంటివి యాభైకి పైగా ఉన్నాయి. డార్జిలింగ్ దారి మాత్రం కొండను తొలుచుకుపోకుండా దాని ఒంటిని పట్టుకునే పైకి పాకుతుంది. ఎందుకు?

తేడా గేజిలో ఉంది. బ్రాడ్ గేజి బండి పెద్దది, బరువైనది. అది ఇరుకు మలుపులో తిరగలేదు, నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని కొండనే తొలచాలి. రెండడుగుల గేజి బండి చిన్న మలుపులోనూ ఒదిగిపోతుంది. అలా తిరిగే చోటు కూడా లేనిచోట ఇంగ్లిషు 'జెడ్' అక్షరంలా దారి వేశారు. బండి ముందుకు వెళ్లి ఆగుతుంది, వెనక్కి నడుస్తూ ఇంకో మెట్టు ఎక్కుతుంది, మళ్లీ ముందుకు సాగుతుంది. ఘూమ్ దాటాక వచ్చే బతాసియా లూప్ మరో అందమైన ఉపాయం. ఏటవాలును తగ్గించడానికి 1919లో కట్టిన ఈ చుట్టులో బండి గుండ్రంగా తిరిగి తన దారినే తాను దాటుతుంది. మేఘాలు లేకపోతే అక్కడి తోటలో నిలబడి కాంచనజంగను చూడవచ్చు.

హైదరాబాద్ ఆడపడుచు పేరిట జంతుశాల

పిల్లలు ఎక్కువసేపు గడిపేది జంతుశాలలోనే. 1958లో ప్రారంభమైన దీని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. సరోజినీ నాయుడు కుమార్తె, హైదరాబాద్‌లో పుట్టిన పద్మజ 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేశారు.

ఇక్కడ సింహాసనం ఎర్ర పాండాది. మూడు నుంచి ఆరు కిలోల బరువుండే ఈ జంతువుకు అరికాళ్ల మీద కూడా బొచ్చు ఉంటుంది. మంచు కొమ్మల మీద అది చలిని ఆపుతుంది, జారకుండా పట్టునూ ఇస్తుంది. మణికట్టులోని ఒక ఎముక పెరిగి అదనపు బొటనవేలులా పనిచేస్తూ వెదురును పట్టుకోవడానికి ఉపయోగపడుతుంది. మైదానపు ఎండను తట్టుకోలేని జీవి కాబట్టే దీని సంతానోత్పత్తి కేంద్రం కొండ మీద ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన ఎర్ర పాండాలను 2003 నుంచి సింగలీలా జాతీయ ఉద్యానవనంలో తిరిగి అడవికి వదలడం మొదలుపెట్టారు. మంచు చిరుతల సంతానోత్పత్తి కార్యక్రమం కూడా ఇక్కడ నడుస్తోంది. జంతుశాలకు గురువారం సెలవు.

ఆ ఆవరణలోనే హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. టెన్జింగ్ నార్గే ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో దీన్ని నెలకొల్పారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన తెలంగాణ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ డార్జిలింగ్‌లో శిక్షణ పొందినవారే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. అక్కడి మ్యూజియంలో తాళ్లు, మంచు గొడ్డళ్లు చూసే తెలుగు పిల్లలకు ఈ సంగతి చెప్పి తీరాలి.

సూర్యుడికంటే ముందే వెలిగే శిఖరం

తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలను లేపి టైగర్ హిల్‌కు తీసుకెళ్లడం ఆనవాయితీ. తూర్పున సూర్యుడు ఇంకా కనిపించడు. కాంచనజంగ కొస మాత్రం ఎర్రగా వెలుగుతుంది.

కారణం భూమి గుండ్రంగా ఉండటమే. ఎంత ఎత్తులో ఉంటే దిగంతం అంత దూరం, అంత కిందికి కనిపిస్తుంది. టైగర్ హిల్ ఎత్తు సుమారు 2,590 మీటర్లు, కాంచనజంగ 8,586 మీటర్లు. టైగర్ హిల్‌తో పోలిస్తే శిఖరానికి దిగంతం ఒకటిన్నర డిగ్రీకి కాస్త తక్కువగా కిందికి ఉంటుంది. భూమి తిరిగే వేగంతో లెక్క కడితే కింద నిలబడినవారికంటే సుమారు అయిదు నిమిషాల ముందే శిఖరం సూర్యుణ్ణి చూస్తుంది. ఆ కిరణాలు వాతావరణంలో చాలా దూరం ప్రయాణిస్తాయి. దారిలో నీలం చెల్లాచెదురై ఎరుపు మిగులుతుంది. ఫోనులోని గడియారంతో పిల్లలే ఆ నిమిషాలను కొలవవచ్చు.

జారేది చక్రమే కాదు

ఇప్పుడు మళ్లీ ఆ 'పట్టు' దగ్గరకు రావాలి. చక్రం పట్టా మీద నిలిచినట్టే కొండ వాలు మీద మట్టి కూడా ఘర్షణతోనే నిలుస్తుంది. బరువు కిందికి లాగుతుంది, రేణువుల మధ్య పట్టు ఆపుతుంది. వాన ఎడతెగకుండా కురిస్తే రేణువుల సందులన్నీ నీటితో నిండుతాయి. ఆ నీటి పీడనం రేణువులను ఒకదాని నుంచి ఒకటి దూరంగా నెట్టి పట్టును తగ్గిస్తుంది. తడిసిన మట్టి బరువూ పెరుగుతుంది. లాగే బలం పెరిగి, ఆపే బలం తగ్గినప్పుడు వాలు జారుతుంది. రోడ్డు కోసమో, ఇంటి కోసమో వాలు పాదాన్ని కోసేస్తే ఆ క్షణం మరింత ముందుకు వస్తుంది. బండికైతే ఇసుక చల్లవచ్చు, కొండకు చల్లలేం.

బొమ్మ రైలుకు ఇది అనుభవమే. 2010లో తీన్‌ధారియా ప్రాంతంలో కొండచరియలు విరిగిపడి దారి తెగిపోయింది. మైదానం నుంచి డార్జిలింగ్ దాకా బండి మళ్లీ నడిచింది 2015 డిసెంబరులో.

ఇంకో సంగతి గమనించాలి. 1968లో తీస్తా లోయను ముంచెత్తిన వరద అక్టోబరు మొదటి వారంలో వచ్చింది. 2023లో సిక్కింలో దక్షిణ ల్హోనక్ హిమానీనద సరస్సు గట్టు తెగి తీస్తా ఉప్పొంగింది అక్టోబరు 3 రాత్రి దాటాక. 2025లో దసరా ముగిసిన రెండు రోజులకే, అక్టోబరు 4 రాత్రి కురిసిన భారీ వర్షానికి డార్జిలింగ్ కొండల్లో చరియలు విరిగిపడి ఇరవై మందికి పైగా మరణించారు. పర్యాటకులు దారులు మూసుకుపోయి చిక్కుకున్నారు.

కారణాలు వేర్వేరు, నెల మాత్రం ఒకటే. నైరుతి రుతుపవనాలు ఇక్కడి నుంచి సాధారణంగా అక్టోబరు రెండో వారానికి గాని వెళ్లవు. అప్పటికి నాలుగు నెలల వాన తాగి వాలు నిండుగా ఉంటుంది. దాని మీద పడే ఒక్క భారీ వర్షం చాలు. దసరా సెలవులు తరచు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి.

బయలుదేరే ముందు

దీనర్థం కొండకు వెళ్లవద్దని కాదు. సెలవు దొరికితే దసరాకు బదులు దీపావళి తరువాత వెళ్లడం మేలు. నవంబరులో ఆకాశం తేటగా ఉండి కాంచనజంగ కనిపించే అవకాశం కూడా ఎక్కువ. మార్చి, ఏప్రిల్ నెలలు పిల్లలకు చలి బాధ లేనివి.

తేదీ మార్చుకోలేనివారికి సమాచారమే రక్షణ. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కోల్‌కతాలో 2024 జులైలో జాతీయ కొండచరియల ముందస్తు అంచనా కేంద్రాన్ని ప్రారంభించింది. డార్జిలింగ్ జిల్లాకు 2020 నుంచే బులెటిన్లు ఇస్తోంది. 'భూసంకేత్' పోర్టల్‌లో, 'భూస్ఖలన్' మొబైల్ యాప్‌లో ఆ సమాచారం చూడవచ్చు. వాతావరణ శాఖ రెడ్ లేదా ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజు రాత్రిపూట ఘాట్ ప్రయాణం పెట్టుకోకూడదు. వాగు పక్కన, కొత్తగా తవ్విన వాలు కింద ఉన్న బసను ఎంచుకోకూడదు. వాలు మీద కొత్త పగుళ్లు, ఒరిగిన చెట్లు, ఉన్నట్టుండి బురదగా మారిన ఊటనీరు కనిపిస్తే అక్కడి నుంచి వెంటనే తప్పుకుని స్థానికులకు చెప్పాలి.

సిగ్నల్ ఎర్రగా ఉంటే బండి ఆగాలని ఖరగ్‌పూర్‌లో ఎవరికీ నేర్పనక్కరలేదు. కొండకూ సిగ్నళ్లు ఉన్నాయి. వాటిని చదవడం తెలిసిన కుటుంబం ఒక రోజు ఆలస్యంగా వెళ్లినా, అందరూ కలిసి శిఖరాన్ని చూసి వస్తుంది.